పెదాల మీది మాట

మా ఇంట్లో అసలైన మాటలు గొంతుతో మాట్లాడరు. కూరలో ఉప్పెక్కువైందని, నల్లా దగ్గర బిందెల వరుస తప్పించారని, ఎవరి చెప్పులు ఎవరు వేసుకుపోయారని ఎంతసేపైనా అరుచుకోవచ్చు. సూరత్ శివార్లలోని ఉన్‌లో మేముండే గదుల వరుసలో గోడలు పేరుకే గోడలు. ఇటు దగ్గితే అటు పక్కావిడ అల్లం టీ పెట్టుకోమంటుంది. అందుకని గుట్టుగా ఉంచుకోవలసిన మాట ఏదైనా ఉంటే ఎదురుగా కూర్చుని పెదాలు మాత్రం కదిపి చెప్పుకుంటాం. శబ్దం బయటికి రాదు. ఎదుటివాళ్ళు మన నోటివంక చూసి చదువుకుంటారు.

ఇది మేం కనిపెట్టిన విద్య కాదు, ఖాతా నుంచి ఇంటికొచ్చింది. సూరత్‌లో మరమగ్గాల షెడ్డును ఖాతా అంటారు. అక్కడ మగ్గాలు నడుస్తుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అంతమాత్రాన రోజంతా మనుషులు నోరు కట్టేసుకుని ఉంటారా? తెలంగాణవాళ్ళు, ఒడియావాళ్ళు, యూపీవాళ్ళు అందరూ పెదాలతో, చేతులతో మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. ఈ వరుస నుంచి ఆ వరుసకు హిందీలో జోకులేసుకుంటారు, తిట్టుకుంటారు, ఊళ్ళో వానలు పడ్డాయా అని అడుగుతారు. బాపు సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి, మీసాలు ఇంకా సరిగా రాని వయసులో వచ్చి ఆ గోలలో పడ్డాడు. మెల్లమెల్లగా చెవులు పోయాయి. ఇప్పుడు ఇంట్లో కుక్కర్ కూత కూడా ఆయనకు చేరదు. ఆయన కోసం అమ్మ పెదాల మాట నేర్చుకుంది. నేను మామూలు మాటలతోపాటే అదీ నేర్చుకున్నాను. స్కూల్లో వరండా ఆ చివర నిలబడి టీచర్లు నా గురించి ఏమనుకుంటున్నారో నాకు తెలిసిపోయేది. చాలావరకు మంచి మాటలు కావు.

ఆ సాయంత్రం బాపును అట్లాగే అడిగాను.

అప్పటికి నేను ఉధనాలో ఒక పెళ్ళి వీడియోల షాపులో ఎడిటింగ్ చేసేదాన్ని. పెళ్ళికూతురు ఏడ్చేచోట పాట అతికించడం, వియ్యంకుడు ఆవులించేచోట కత్తిరించడం నా పని. చేతికి పని బాగానే వచ్చింది కానీ, ఎన్నాళ్ళని జనం పెళ్ళిళ్ళు కత్తిరిస్తూ కూర్చోను? యూనివర్సిటీలో మీడియా విభాగానికి దరఖాస్తు పెడితే సీటు వచ్చింది. చేరాలంటే షాపు మానాలి. మానితే రెండేళ్ళపాటు ఇల్లు బాపు ఒక్కడి మగ్గాల మీదనే నడవాలి. అమ్మ చీరలకు రాళ్ళు అంటించి తెచ్చేది కూరగాయలకే సరిపోదు. ఆయన్ను అడగకుండా ఆ పని చేయడం నాకిష్టం లేదు.

బాపు డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటున్నాడు. నేను గడప దగ్గర, వాకిట్లోని వెలుగుకు వీపు పెట్టి కూర్చుని పెదాలతో అడిగాను.

"బాపూ, షాపు ఇడ్సిపెట్టి సదువుకుంట. రెండేండ్లు ఇల్లు నీ ఒక్కని మీదనే పడ్తది. నీకు ఇష్టమేనా?"

బాపు కాసేపు నా ముఖంలోకి చూశాడు. తల ఊపాడు. పళ్ళెంలో చెయ్యి కడుక్కుని లేచి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అమ్మ బయటి నుంచి వచ్చి అడిగింది. "ఏమన్నడే?"

"తల ఊపిండు."

"గంతేనా?"

ఆ 'గంతేనా' నా మనసులో ముల్లులా దిగింది. మా బాపు తల ఊపి ఊరుకునే మనిషి కాదు. ఖాతాలో ఆయనకు వాగుడుకాయ అని పేరు. కొత్త చెప్పులు కొన్నానంటేనే ఎక్కడ, ఎంతకు, అతికించినవా కుట్టినవా అని పది ప్రశ్నలు వేస్తాడు. అలాంటి మనిషి ఇంత పెద్ద సంగతికి ఒక్క మాట అనకుండా ముసుగు తన్నాడంటే, ఇష్టం లేదనే అర్థం. కాదనడానికి నోరు రాక తల ఊపాడు, అంతే. అట్లా అనుకున్నాను.

ఆయన బిడ్డను, నాకు మాత్రం మొండితనం తక్కువా? చేరిపోయాను. ఆ తర్వాత బాపు ఇంకా ముభావంగా అయిపోయాడు. గదికి ఆ చివర నుంచి ఏదైనా అంటే ఊ అన్నట్టు తల ఊపేవాడు, లేకపోతే చూపు తిప్పుకునేవాడు. అమ్మ మాత్రం ఎప్పటిలాగే ఆయన చొక్కా పట్టి గుంజి, చేతులు తిప్పుకుంటూ పోట్లాడేది. నాతోనే ఆయనకు మాటలు లేవు. నేను పొద్దున సంచి తగిలించుకుని బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి చూసేవాడు. ఆ చూపులో కోపమే కనిపించేది నాకు. లోపల చాలా బాధగా ఉండేది. బయటికి మాత్రం, ఆయన మాట్లాడకపోతే నాకేం, నేనూ మాట్లాడను అని బింకంగా తిరిగేదాన్ని. చదువు మొదటి ఏడాది అంతా ఇట్లాగే గడిచింది.

రెండో ఏడు మా విభాగం కళా ప్రదర్శన, మీడియా ఉత్సవం పెట్టింది. యూనివర్సిటీలో ఉత్సవమంటే ఎట్లా ఉంటుందో చూడనివాళ్ళకు చెప్పాలి. మెట్లకు ఎర్ర దారాలు కట్టి అదొక కళాఖండమన్నారు. ఎవరో తెలియక ఆ దారాల మీద తువ్వాలు ఆరేస్తే అది కూడా అందులో భాగమేనని పొరపాటు పడి ఫొటోలు తీసుకున్నారు. పల్సానా అద్దకం మిల్లుల నుంచి రంగు నీళ్ళు సీసాల్లో పట్టి తెచ్చి వరుసగా పెట్టినమ్మాయి ఉంది. ఆ సీసాల ముందు మాత్రం నేను చాలాసేపు నిలబడ్డాను. హజీరా కంపెనీ బస్సుల్లో కూర్చునే నిద్రపోయే మనుషులను ఫొటోలు తీసినవాడున్నాడు. నవ్వొచ్చేవీ ఉన్నాయి, గుండె పట్టేసేవీ ఉన్నాయి. ఏది ఏదో తేల్చుకోవడం చూసేవాళ్ళ పని.

బరోడా నుంచి ఒక ఆర్టిస్టు మేడమ్ వచ్చింది. నలభై దాటి ఉంటుంది, పొట్టి జుట్టు, కాళ్ళకు ఎప్పుడూ రబ్బరు చెప్పులే. కార్మికుల మీద వీడియోలు తీసి ఊరూరా చూపిస్తుంటుంది. ఖాతాలో పనిచేసేవాళ్ళ ముఖాలు తీసి, పెద్ద హాల్లో గోడ నిండా వేయాలని ఆమె ఆలోచన. ఎడిటింగ్‌కు నన్ను పెట్టారు. మా బాపు ఖాతాలో పనిచేస్తాడని తెలిసి, అక్కడే తీస్తానంది. తన బోర్డు కనపడకపోతే చాలని ఖాతా యజమాని సేఠ్ ఒప్పుకున్నాడు. షూటింగ్‌కు నేను పోలేదు. బాపు ముందు కెమెరాలు మోసుకుని తిరగడానికి మనసు రాలేదు. అదే పోయి ఉంటే సంగతి అప్పుడే తెలిసేదేమో.

మేడమ్ తిరిగొచ్చాక, శబ్దం అంతా పాడైంది, మగ్గాల మోత తప్ప ఒక్క మనిషి గొంతు లేదు అని చెప్పింది. తర్వాత ఆమెకే ఒక ఆలోచన వచ్చింది. అసలు శబ్దమే తీసేద్దాం, వాళ్ళ గొంతు మనకు ఎట్లా వినపడదో అట్లాగే చూపిద్దాం అంది. పేరు 'మౌనం' అని పెట్టింది. కరపత్రంలో 'గొంతు లేని మనుషులకు గొంతు' అని అచ్చు వేయించారు. మా గదుల వరుసలో ఒక్క సాయంత్రం ఉండి చూస్తే ఎవరికి గొంతు లేదో తెలిసేది. అది చదివి నాకు ఒళ్ళు మండింది కానీ, మార్కులు వాళ్ళ చేతిలో ఉన్నాయి కాబట్టి ఊరుకున్నాను.

ల్యాబ్‌లో మొదటిసారి ఆ ముక్కలు తెరిచాను. పెద్ద తెర. ఒక్కో ముఖం తెర నిండా. చెమట, నూలు దుమ్ము, కదిలే పెదాలు. వెనక నిలబడి మా సారొకాయన గట్టిగా నిట్టూర్చాడు. మేడమ్ చేతులు కట్టుకుని చూస్తోంది. నేను పకపకా నవ్వేశాను.

"ఏమైంది?" అంది మేడమ్. మా మాటలన్నీ హిందీలోనే.

"వీళ్ళు మౌనంగా ఉన్నారని ఎవరు చెప్పారు మేడమ్? ఒకటే వాగుడు."

మొదటి ముఖం ఒడియా పెద్దాయనది. చూపు దూరంగా ఎక్కడో ఉంది, ముఖంలో ఎంతో దిగులు. ఆయన పక్క వరుసవాణ్ణి అడుగుతున్నది, చాయ్‌వాడు ఇవాళ చచ్చాడా బతికాడా అని. రెండో ముఖం, నవ్వకురా, సీరియస్‌గా ఉండమన్నారు, నవ్వితే మళ్ళీ తీస్తారట అంటోంది. మూడోవాడు మేడమ్ రబ్బరు చెప్పులు చూసి, పాపం చదువుకున్నదానిలాగే ఉంది, మంచి చెప్పులు కొనుక్కోవచ్చు కదా అంటున్నాడు. అది కూడా చెప్పేశాను. మేడమ్ కోప్పడలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. తన కాళ్ళవంక చూసుకుని నవ్వింది. "నేను మొత్తం తప్పుగా తీశాను," అంది. అప్పుడు నాకు ఆమె నచ్చింది.

తర్వాతి ముక్క బాపుది.

కిటికీ లోంచి వెలుగు పడి ముఖం సగం బంగారు రంగులో ఉంది. అందమైన షాట్. మగ్గం ఆగి ఉంది. బాపు వంగి, పోగుల మీద వేళ్ళు పాకిస్తూ తెగిన కొస కోసం తడుముతున్నాడు. నా చిన్నప్పుడు నేను చూసిన బాపు పోగు తెగితే రెప్పపాటులో అతికించి, ఇంకో మగ్గం వైపు తిరిగేవాడు. ఇక్కడ తడుముతూనే ఉన్నాడు. తర్వాత తల ఎత్తి పక్క మగ్గం మీది జోడీగాణ్ణి పిలిచాడు. ఆ జోడీ ఒడియా ఆయన, నేను చాచా అంటాను, ఎన్నో ఏళ్ళుగా ఇద్దరూ పక్కపక్కనే. బాపు పెదాలు స్పష్టంగా కదిలాయి.

"దిఖ్ నహీ రహా భాయ్. తూ జోడ్ దే."

కనపడటం లేదు, నువ్వే అతికించు. చాచా వచ్చి క్షణంలో అతికించాడు. బాపు అతని భుజం మీద చెయ్యి వేసి ఇంకో మాటన్నాడు. ఇంట్లో తెలియకూడదు అని.

 మేడమ్ అడిగింది, ఈయన ఏమంటున్నాడని. అబద్ధం చెప్పాలనుకున్నాను. కానీ ఉన్నదే చెప్పాను. మా బాపు అని కూడా చెప్పాను.

ఆమె అంది. "దీనికి కింద అక్షరాలు వేయాలి. అందరి మాటలకూ వేయాలి. నేను మౌనం అనుకున్నది మౌనం కాదు. ఈ ఊళ్ళో ఇట్లా ఎంతమంది కళ్ళు పోగొట్టుకుని దాచుకుంటున్నారో బయటికి రావాలి."

ఆమె అన్నది న్యాయమే. ఇప్పటికీ అదే అంటాను. దాచుకున్నన్నాళ్ళు అది ఒక్కడి బాధ, బయటపడితే పదిమంది సంగతి అవుతుంది. కానీ ఆ కళ్ళు మా బాపువి. పోగు కనపడని మనిషికి ఏ ఖాతాలోనూ మగ్గాలివ్వరు. ఉత్సవానికి సేఠ్‌ను పిలిచారు, ఖాతా చూసుకునే మాస్టర్ కూడా వస్తాడు. ఆ మాస్టర్‌కు కింద అక్షరాలు అక్కర్లేదు, ఆయన మగ్గం మీద నుంచి పైకొచ్చినవాడే. అంత న్యాయమైన మాట వింటూ కూడా నాకు లోపల భయం తప్ప ఇంకేమీ లేదు.

"ఆయన్ను అడగాలి మేడమ్," అన్నాను.

"అడగకుండా ఒక్క అక్షరం కూడా వేయను. వద్దంటే ముక్క తీసేద్దాం. బయటివాళ్ళకు చూపించకముందే అందరినీ పిలిచి మొదట వాళ్ళకే చూపిద్దాం," అంది.

ఆ సాయంత్రం ఇంటికి పోయాను. అమ్మ నల్లా దగ్గరుంది. బాపు మంచం మీద కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటున్నాడు. ఇన్నాళ్ళ బింకం పక్కనపెట్టి ఎదురుగా కూర్చున్నాను. పక్క గదిలో టీవీ నడుస్తోంది, మనుషులున్నారు. ఇది గొంతెత్తి అనే మాట కాదు. పెదాలతో చెప్పాను.

"బాపూ, నీ వీడియో చూసిన. కండ్ల సంగతి తెల్సింది. గా ముక్క గోడ మీద ఎయ్యాల్నా వద్దా? నువ్వే చెప్పాలె."

బాపు నా ముఖంలోకి చూశాడు. కాసేపు చూసి, తల ఊపాడు.

అదే ఊపు. ఆ సాయంత్రం అన్నం తింటూ ఊపిన ఊపు. ఒక అనుమానం వచ్చింది. అట్లాగే కూర్చుని, ముఖం ఏమాత్రం మార్చకుండా, పెదాలతో మళ్ళీ అన్నాను.

"బాపూ, మన గల్లీలకు ఏనుగొచ్చింది. అమ్మ దాని మీద కూసోని నల్లాకు పోయింది."

బాపు గంభీరంగా తల ఊపాడు. "మంచిదే బిడ్డా," అన్నాడు పైకి.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే వచ్చింది. లేచి బయటికొచ్చి, ఆరేసిన బట్టల వెనక నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. చెవులు పోయిన మనిషికి ఎదుటివాళ్ళ పెదాలే చెవులు. ఆ పెదాలు మసకబారితే ఇక ఎవరి మాటా లేదు. అమ్మ ఆయన చొక్కా పట్టుకు గుంజి చేతులు తిప్పుతుంది కాబట్టి అమ్మ అర్థమవుతోంది. చాచాతో పని మాటలు అలవాటుతో నడుస్తున్నాయి. దూరంగా కూర్చుని, వెలుగుకు వీపు పెట్టి, పెదాలు సన్నగా కదిపే నేనే ఆయనకు కనపడకుండా పోయాను. నేను దాన్ని కోపమనుకుని ఏడాదికి పైగా ముఖం ముడుచుకుని తిరిగాను.

కానీ తెలిసినంత మాత్రాన ఏమైంది? మాట్లాడటం ఎట్లా? గట్టిగా అరిస్తే గదుల వరుస మొత్తానికి తెలుస్తుంది కానీ ఆయనకు తెలియదు. ఫోన్లో రాసి చూపిద్దామంటే అక్షరాలు అంతకన్నా చిన్నవి. మరునాడు దగ్గరగా జరిగి ముఖంలో ముఖం పెట్టి చెప్పబోయాను. బాపుకు ఎక్కడ తన సంగతి బయటపడుతుందోనని భయం. "ఏందే, గంత మీదికొస్తున్నవ్?" అని కసురుకుని లేచిపోయాడు. దాచాలనుకున్న మనిషికి నా కన్నా ఎక్కువ ఉపాయాలు తెలుసు.

మగ్గాలు బంద్ ఉండే రోజు చూసి మేడమ్ అందరినీ యూనివర్సిటీకి పిలిచింది. వీడియోలో ఉన్న ఆరుగురూ ఇస్త్రీ చొక్కాలేసుకుని, తల నున్నగా దువ్వుకుని రెండు ఆటోల్లో దిగారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఏ పని మీద వచ్చారని అడిగితే, "సినిమా చూడ్డానికి. హీరోలం మేమే," అన్నాడు చాచా. ఎర్ర దారాలు కట్టిన మెట్ల దగ్గర ఆగి, ఎవరు కట్టారో కానీ ముడులు వదులుగా ఉన్నాయని ఒకడు రెండు ముడులు బిగించాడు. బాపు అందరి వెనక, మెట్టు మెట్టుకూ కాలు ఆనించి చూసుకుంటూ వచ్చాడు. ముందు వరుసలో కుర్చీ చూపించాను. నావంక చూడకుండా కూర్చున్నాడు.

హాలు తలుపులేశారు, తెరలు దించారు. మా సారు, నలుగురైదుగురు విద్యార్థులు, మేడమ్ ఓ పక్కన నిలబడ్డారు. నేను ప్రొజెక్టర్ దగ్గర. వీడియో మొదలైంది. గోడ నిండా, నేల నుంచి కప్పు దాకా ఒడియా పెద్దాయన ముఖం. చాయ్‌వాడు చచ్చాడా బతికాడా అన్నాడో లేదో, హాలంతా గొల్లున నవ్వు. ఆ గోడ మీది మనిషి కుర్చీలో మెలికలు తిరిగిపోయాడు. విద్యార్థులు బిత్తరపోయి చూశారు. వాళ్ళకు అది మూగ సినిమా, మావాళ్ళకు అది రచ్చబండ. నవ్వకురా అన్న మనిషి రాగానే ఈల వేశారు. చెప్పుల మాట రాగానే అందరూ మేడమ్ కాళ్ళవైపు చూసి ఒక్కసారి గప్‌చుప్ అయ్యారు. ఆమే మొదట నవ్వింది.

నేను గోడ చూడటం లేదు. బాపును చూస్తున్నాను. ఆయన నవ్వాడు. పక్కవాళ్ళను చూసి నవ్వడం కాదు. వాళ్ళకన్నా ముందే, మాట పెదాల మీద పడీపడగానే నవ్వాడు. కుర్చీలో ముందుకు వంగి, నోరు కొద్దిగా తెరిచి, గోడవంక ఆబగా చూస్తున్నాడు. వాకిలంత పెదాలు ఆయనకు కనపడుతున్నాయి. చదువుతున్నాడు. 

ఇంతలో ఆయన ముక్క వచ్చింది. గోడ మీద బాపు పోగుల మీద వేళ్ళు పాకించాడు, తల ఎత్తాడు, కనపడటం లేదు నువ్వే అతికించు అన్నాడు. ఇంట్లో తెలియకూడదన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.  చాచా తల దించుకున్నాడు. బాపు గోడ మీది తన ముఖాన్నే చూస్తూ ఉండిపోయాడు.

వీడియో అయిపోయింది. మేడమ్ లైట్లు వేయించి ఒక్కొక్కరినీ అడిగింది, ఉంచాలా, తీసేయాలా అని. మిగతావాళ్ళు ఉంచమన్నారు. చెప్పుల మాటన్నవాడు మాత్రం ఆ ముక్క తీసేస్తే బాగుంటుందని గొణిగాడు. ఉండనీయమని మేడమ్ నవ్వేసరికి ఒప్పుకున్నాడు. బాపు దగ్గరికి వచ్చి హిందీలో అడిగింది. ఆయన ఆమె ముఖంవంక చూసి తల ఊపాడు. ఆమె నావైపు తిరిగింది.

అక్కడ ప్రసంగాలు తీయడానికి తెచ్చిన కెమెరా ఉంది. దాని వైరు తెచ్చి ప్రొజెక్టర్‌కు తగిలించాను. లైట్లు ఆర్పమన్నాను. ఒక చిన్న దీపం నా ముఖం మీదికి తిప్పుకుని కెమెరా ముందు నిలబడ్డాను. గోడ నిండా నా ముఖం వచ్చింది. అంత పెద్ద ముఖం చూసుకోవడం నాకే సిగ్గనిపించింది. బాపు ఉలిక్కిపడి గోడవంక చూశాడు.

చాచా లేచాడు. ఖాతాలో ఒక మర్యాద ఉంది. చెవులు మూసుకునే పని అక్కడ ఉండదు కాబట్టి, ఇద్దరు మాట్లాడుకునేది తమది కాదనుకుంటే మిగతావాళ్ళు వీపు తిప్పేస్తారు. చాచా గోడకు వీపు తిప్పి తలుపువైపు చూస్తూ నిలబడ్డాడు. మిగిలినవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు లేచి, కుర్చీలు జరుపుకుని, అట్లాగే తిరిగి నిలబడ్డారు. విద్యార్థులకు అర్థం కాలేదు. మేడమ్‌కు అర్థమైంది. వాళ్ళ పక్కన పోయి ఆమె కూడా వీపు తిప్పింది.

నేను పెదాలతో అడిగాను. "బాపూ, కనవడ్తున్ననా?"

బాపు పెదాలు కదిలాయి. "కనవడ్తున్నవ్."

ఆయన చూపు గోడ మీదనే ఉంది. గోడ వెలుగు ఆయన ముఖం మీద పడుతుంటే, నేను కెమెరా పక్కనుంచి ఆయన పెదాలు చూస్తున్నాను.

"నీ ముక్క ఉంచాల్నా, తియ్యాల్నా?"

"ఇప్పుడైతే తియ్యి. కండ్లకు ఆపరేషన్ చేయించుకున్నంక పెట్టు. గప్పుడు కింద రాస్తె రాయుమను, నాకేం ఫికరు లేదు."

"ఎప్పుడు చేయించుకుంటవ్?"

"బద్లీ మనిషి దొరకాలె కదా. మగ్గాలు ఖాళీగుంటే ఇంకోనికిస్తరు. మీ చాచా వాళ్ళ తమ్ముడొస్తనన్నడు, వచ్చే నెల."

ఇదంతా ఆయన ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. చెప్పలేదు, అంతే. నాకు కోపం, దుఃఖం రెండూ ఒక్కసారే వచ్చాయి. గోడ మీద నా కళ్ళ నుంచి నీళ్ళు కారడం ఆయనకు ఎంత పెద్దగా కనిపించి ఉంటుందో.

"నాకెందుకు చెప్పలే బాపూ?"

"చెప్తే నువ్వు సదువు బంద్ వెట్టి షాపుకు ఉరుకుతవు. నాకు తెల్వదా నీ సంగతి?"

ఆ తర్వాత ఉత్సవంలో బాపు ముక్క లేకుండానే వీడియో వేశాం. పేరు మార్చారు, మిగతావాళ్ళ మాటలన్నీ కింద వేశారు, చెప్పుల మాటతో సహా. జనం చాయ్‌వాడి దగ్గర నవ్వారు. సేఠ్ రాలేదు, మాస్టర్ వచ్చి ఫొటో దిగి పోయాడు. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు హాల్లో, వీపులు తిప్పి నిలబడ్డ ఆ మనుషుల మధ్య, నేను అడగవలసింది ఇంకొకటి ఉంది. ఏడాదిగా నన్ను తినేస్తున్నది అదే. కన్నీళ్ళు తుడుచుకుని, పెదాలు తిన్నగా పెట్టి, ఒక్కో మాటా విడివిడిగా అడిగాను.

"బాపూ, ఆ దినం నువ్వు అన్నం తింటున్నప్పుడు ఒకటి అడిగిన. సదువుకుంట, ఇల్లు నీ ఒక్కని మీదనే పడ్తది, ఇష్టమేనా అని. నువ్వు తల ఊపి పండుకున్నవ్. నీకు ఇష్టం లేదనుకున్న. ఇప్పుడన్న చెప్పు."

బాపు గోడ మీది నా ముఖాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి, గోడను వదిలి, చీకటి హాల్లో కెమెరా ముందు నేనెక్కడున్నానో అటు చూశాడు. అక్కడ నేను ఆయనకు మసకే. అయినా అటే చూస్తూ పెదాలు కదిపాడు.

"గదా నువ్వు అడిగింది? నాకు కనవడలే బిడ్డా. నువ్వు ఏదో అడుగుతున్నవని తెల్సింది. ఏదైనా సరే ఇద్దామని తల ఊపిన."